ఏడీహెచ్‌డీ, ప్రవర్తనా రుగ్మతలు, మత్తుపదార్థాలు: ముప్పు ఎక్కడినుంచి వస్తుంది?

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ పెద్దబ్బాయికి ఎనిమిదేళ్ల వయసులో, ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం ముఖ్య లక్షణాలైన ఏడీహెచ్‌డీ ఉందని వైద్యులు నిర్ధారించారు. మూడేళ్లపాటు ఆ రుగ్మతకు ఇచ్చే ఉత్తేజక మందు మిథైల్‌ఫెనిడేట్ వాడి తర్వాత మాన్పించారు. ఇప్పుడు అతనికి పదిహేనేళ్లు. రెండేళ్లుగా అబద్ధాలు, ఇంట్లో డబ్బు తీయడం, బడి ఎగ్గొట్టడం, కొట్లాటలు పెరుగుతూ వచ్చి, ఈమధ్య అతని దగ్గర గంజాయి దొరికింది. ఇదంతా ఆ జబ్బు వల్లనే జరిగిందా, చిన్నప్పుడు వాడిన మందు అతన్ని మత్తుకు అలవాటు చేసిందా, వైద్యుడు మళ్లీ అదే మందు రాస్తే ఒప్పుకోవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. ఏడేళ్ల చిన్నబ్బాయిలోనూ అవే లక్షణాలు కనిపిస్తున్నాయని చివర్లో రాశారు.

కౌమారంలో ఉన్న పిల్లల మానసిక వైద్యంలోనూ వ్యసన చికిత్సలోనూ చాలాకాలంగా పనిచేస్తున్నవాడిగా నా అభిప్రాయం ఇది. మందు వల్ల ఇలా జరిగిందనడానికి ఆధారం లేదు. ఏడీహెచ్‌డీ వల్ల మత్తుపదార్థాల ముప్పు పెరిగే మాట నిజమే కాని, ఆ ముప్పులో పెద్ద వాటా ఏడీహెచ్‌డీ నుంచి నేరుగా రాదు. దానితో కలిసి పెరిగే ప్రవర్తనా రుగ్మత గుండా వస్తుంది. కాబట్టి అతని దగ్గర దొరికిన గంజాయి కన్నా, దానికి ముందు రెండేళ్లుగా సాగుతున్న దొంగతనాలను, బడి ఎగవేతలను నేను ఎక్కువ ఆందోళనతో చూస్తాను. చికిత్స కూడా అక్కడే గట్టిగా పట్టుకోవాలి.

ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లవాడు చెప్పిన పని మరచిపోతాడు, పుస్తకాలు పారేసుకుంటాడు, ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేస్తాడు, కూర్చున్నచోట కూర్చోలేడు. నియమం తెలిసినా ఆ క్షణంలో తనను తాను ఆపుకోలేకపోవడం అతని ఇబ్బంది. 2013లో వెలువడిన, మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికన్ గ్రంథమైన డీఎస్‌ఎం-5 ప్రకారం ఈ లక్షణాలలో కొన్నైనా 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి, ఇల్లు, బడి వంటి కనీసం రెండు చోట్ల ఇబ్బంది పెడుతూ ఉండాలి. కాండక్ట్ డిజార్డర్ అనే ప్రవర్తనా రుగ్మత వేరు. ఎదుటివారి హక్కులను, సమాజ నియమాలను పదేపదే అతిక్రమించడం, అంటే కొట్టడం, బెదిరించడం, దొంగిలించడం, వస్తువులు ధ్వంసం చేయడం, మోసగించడం, చిన్న వయసులోనే బడి ఎగ్గొట్టి తిరగడం దీని లక్షణాలు. మొత్తం 15 లక్షణాలలో కనీసం 3 గత 12 నెలల్లో కనిపిస్తేనే ఆ నిర్ధారణ చేస్తారు. ఈ రెంటికీ మధ్య మరొకటి ఉంది: పెద్దలు ఏది చెప్పినా ఎదురు తిరగడం, ఊరికే కోపం తెచ్చుకోవడం, పంతం పట్టి విసిగించడం ఆరు నెలలకు పైగా సాగే అపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో చాలామందికి ఈ మధ్య దశ కనిపిస్తుంది. వారిలో అందరూ కాకపోయినా కొందరు అక్కడినుంచి కాండక్ట్ డిజార్డర్‌లోకి జారతారు.

ఆ జారడం ఎలా జరుగుతుందో తెలుసుకుంటే, ఎక్కడ ఆపవచ్చో కూడా అర్థమవుతుంది. నిలకడలేని పిల్లవాడు రోజంతా మందలింపులే వింటాడు. ఇంట్లో ఒక పని చెబితే చేయడు, మళ్లీ చెబితే విసుక్కుంటాడు, గట్టిగా చెబితే అరుస్తాడు, ఆ అరుపులకు అలసిపోయి పెద్దలు వదిలేస్తారు. అరిస్తే పని తప్పుతుందని అతను నేర్చుకుంటాడు, అరవనిదే వాడు వినడని పెద్దలు నేర్చుకుంటారు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ కుటుంబాలను దగ్గరగా పరిశీలించి వివరించిన ఈ బలవంతపు చక్రం ఎవరి చెడ్డతనం వల్లా పుట్టదు. అలసట వల్ల పుట్టి అలవాటుగా ముదురుతుంది. ఈలోగా బడిలో చదువు వెనకబడుతుంది, తోటి పిల్లలు ఆటలోకి రానివ్వరు. పన్నెండు పదమూడేళ్లు వచ్చేసరికి, తన వంటివారే ఉన్న గుంపు ఒక్కటే అతన్ని ఆదరించేదిగా మిగులుతుంది. మొదటి సిగరెట్టు, మొదటి గంజాయి సాధారణంగా ఆ గుంపులోనే చేతికి వస్తాయి. తర్వాత వచ్చే కష్టం కన్నా ఇప్పుడు దొరికే సుఖమే బలంగా లాగడం ఏడీహెచ్‌డీ స్వభావంలోనే ఉంది కాబట్టి, ఒకసారి చేతికి వచ్చినదాన్ని వద్దనడం అతనికి ఇతరులకన్నా కష్టం.

దీర్ఘకాలిక అధ్యయనాలు ఈ చిత్రాన్ని చాలావరకు బలపరుస్తున్నాయి. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో 1977లో పుట్టిన 1,265 మంది పిల్లలను పుట్టుకనుంచీ గమనిస్తూ వచ్చారు. వారు 25 ఏళ్ల వయసుకు చేరాక డేవిడ్ ఫెర్గూసన్ బృందం 2007లో ప్రకటించిన ఫలితం ఇదీ: బాల్యంలోనూ కౌమారంలోనూ ఉన్న ప్రవర్తనా సమస్యలు తర్వాతి మత్తుపదార్థాల వాడకానికీ వ్యసనానికీ బలంగా ముడిపడి ఉన్నాయి; ప్రవర్తనా సమస్యలను లెక్కలోకి తీసుకున్నాక, ఏకాగ్రత సమస్యలకు విడిగా మిగిలిన సంబంధం చాలా తక్కువ. అదే సంవత్సరం వెలువడిన మిన్నెసోటా కవలల అధ్యయనం మాత్రం కొంత భిన్నంగా చెప్పింది. ఏకాగ్రత లోపాన్ని పక్కన పెట్టి అతిచురుకుదనం, దుడుకుతనం మాత్రమే తీసుకుంటే, ప్రవర్తనా రుగ్మతను లెక్కలోకి తీసుకున్నాక కూడా అవి మత్తుపదార్థాలు మొదలుపెట్టడాన్ని, నికోటిన్ వ్యసనాన్ని ముందుగా సూచించాయి. రెండింటినీ కలిపి చదివితే, ముప్పులో పెద్ద భాగం ప్రవర్తనా రుగ్మత గుండా వస్తుందనీ, దుడుకుతనం తనంతట తానుగా కొంత చేరుస్తుందనీ, ఊరికే పరధ్యానంగా ఉండే పిల్లవాడికి గంజాయి, కొకైన్ వంటివాటి ముప్పు అంతగా పెరగదనీ నేను అర్థం చేసుకుంటున్నాను. మొత్తం మీద ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు, లేని పిల్లలతో పోలిస్తే, పెద్దయ్యాక వ్యసనాల పాలయ్యే అవకాశం ఒకటిన్నర నుంచి మూడు రెట్ల మధ్య ఉంటుందని 2011 నాటి ఒక సమగ్ర విశ్లేషణ చూపింది. అందులో అన్నిటికన్నా బలమైన ముడి పొగాకుతోనే. ఈ అంకెలు చూసి భయపడేవారికి నేనెప్పుడూ చెప్పే మాట ఒకటుంది: ముప్పు పెరగడమంటే పతనం ఖాయమని కాదు, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో ఎక్కువమంది ఏ మత్తుకూ బానిసలు కారు.

మీ అబ్బాయి విషయంలో ఊరటనిచ్చే అంశం కూడా ఒకటి ఉంది. న్యూజిలాండ్‌లోనే డునెడిన్ పిల్లల అధ్యయనం ఆధారంగా మనస్తత్వ శాస్త్రవేత్త టెర్రీ మాఫిట్ 1993లో ప్రవర్తనా సమస్యలున్న పిల్లలను రెండు రకాలుగా విడదీశారు. ఒక రకంలో సమస్యలు చిన్నతనంలోనే మొదలై జీవితాంతం వెంటాడతాయి. రెండవ రకంలో కౌమారంలో మొదలై, చాలామందిలో యవ్వనం వచ్చేసరికి సద్దుమణుగుతాయి. డీఎస్‌ఎం కూడా పదేళ్ల వయసును సరిహద్దుగా పెట్టుకుని ఈ తేడా పాటిస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి మీవాడి సమస్యలు పదమూడో ఏట మొదలయ్యాయి. పదేళ్లలోపే జంతువులను హింసించడం, తోటి పిల్లలను పదేపదే కొట్టడం వంటివి ఉన్నాయా, తప్పు చేశాక పశ్చాత్తాపం కనిపిస్తుందా అన్నవి మీరు గుర్తుచేసుకుని వైద్యుడికి చెప్పాలి. లేవంటే, కోలుకునే అవకాశం బాగా ఉన్నవారి జాబితాలోనే అతన్ని చూడవచ్చు. అయితే సద్దుమణిగేవరకూ వేచి ఉండటం సరికాదు, ఎందుకంటే ఆ కొద్ది సంవత్సరాల్లో పట్టుకున్న వ్యసనం, ఆగిపోయిన చదువు, పోలీసు కేసు తర్వాత వాటంతట అవి వదిలిపోవు.

ఇక మందు సంగతి. ఈ భయం చాలామంది తల్లిదండ్రులకు ఉంది, దానికి కారణమూ ఉంది: మిథైల్‌ఫెనిడేట్ కూడా కొకైన్ లాగే మెదడులో సుఖానుభూతికి సంబంధించిన రసాయనం డోపమైన్‌ను వెనక్కి తీసుకుపోయే ద్వారాలను అడ్డుకుంటుంది. కాని అమెరికన్ పరిశోధకురాలు నోరా వోల్కో బృందం మెదడు స్కానులతో చేసిన పరిశోధనల్లో, కిక్కు అన్నది మందు మెదడుకు చేరే వేగం మీద ఆధారపడుతుందని తేలింది. నరంలోకి ఎక్కించిన కొకైన్ నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడులో శిఖరానికి చేరుతుంది; నోటిద్వారా తీసుకున్న మిథైల్‌ఫెనిడేట్‌కు గంట నుంచి గంటన్నర పడుతుంది. అంత నెమ్మదిగా పెరిగే ప్రభావం ఏకాగ్రతను నిలబెడుతుంది, మత్తు కలిగించదు. అదే మాత్రను నూరి ముక్కుతో పీలిస్తే పరిస్థితి మారిపోతుంది, ఆ జాగ్రత్త గురించి తర్వాత చెబుతాను.

చిన్నప్పుడు మందు వాడినవారు పెద్దయ్యాక ఏమయ్యారన్నది కూడా పరిశీలించారు. 2003లో వచ్చిన ఒక విశ్లేషణ, మందు వాడిన పిల్లల్లో వ్యసనాల ముప్పు దాదాపు సగానికి తగ్గుతుందని ఆశ కలిగించింది. మరిన్ని అధ్యయనాలను కలుపుకుని 2013లో చేసిన విశ్లేషణలో ఆ రక్షణ కనిపించలేదు, హానీ కనిపించలేదు. 7 నుంచి 9 ఏళ్ల వయసున్న 579 మంది పిల్లలతో 1990లలో అమెరికాలో మొదలైన, ఈ రుగ్మతకు ఇచ్చే చికిత్సలను పోల్చిచూసిన ఎంటీఏ అధ్యయనాన్ని యవ్వనం వరకూ కొనసాగిస్తే, అక్కడా ఇదే మాట. మరోవైపు స్వీడన్ దేశపు జాతీయ రికార్డుల ఆధారంగా 2014లో చేసిన పరిశీలనలో, మందు వాడినవారిలో మత్తు సంబంధిత సమస్యలు దాదాపు 30 శాతం తక్కువగా ఉన్నాయి. అదే దేశంలో 25 వేల మందికి పైగా ఏడీహెచ్‌డీ రోగుల రికార్డులను చూసిన 2012 నాటి అధ్యయనంలో, మందు వాడుతున్న కాలంలో నేరాలు పురుషుల్లో 32 శాతం, స్త్రీలలో 41 శాతం తగ్గాయి. మందు చిన్ననాడు కొన్నాళ్లు వాడి ఆపేస్తే జీవితాంతం కాపాడే టీకా కాదని, వాడుతున్నంతకాలం నిగ్రహానికి తోడ్పడుతుందని ఈ ఫలితాలన్నీ కలిసి సూచిస్తున్నాయి. మందు వ్యసనానికి మెట్టు అవుతుందన్న భయాన్ని మాత్రం వీటిలో ఏదీ బలపరచలేదు. మీ అబ్బాయికి ఆ మందు ఇచ్చినందుకు మిమ్మల్ని మీరు నిందించుకోవలసిన అవసరం ఏమాత్రం లేదు.

గంజాయి తాగితే మనసు నెమ్మదిస్తుందని, బుర్రలో హోరు తగ్గుతుందని ఏడీహెచ్‌డీ ఉన్నవారు చాలామంది నాతో అంటుంటారు. అబద్ధం చెబుతున్నారని నేను అనుకోను. బాధను తగ్గించుకోవడానికే మనుషులు మత్తును ఆశ్రయిస్తారని అమెరికన్ మనోవైద్యుడు ఎడ్వర్డ్ కాంట్జియన్ 1985లో ప్రతిపాదించిన స్వీయచికిత్స సిద్ధాంతంలో కొంత సత్యం ఉంది. కాని ఆ నెమ్మది ఉన్నంతసేపూ జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, కాలం మీద అంచనా దెబ్బతింటాయి, అంటే ఏడీహెచ్‌డీలో ముందే బలహీనంగా ఉన్నవే మరింత బలహీనపడతాయి. రోజూ తాగేవారు మానేస్తే మొదటి వారం రెండు వారాలు చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం ఉంటాయి. ఆ చిరాకును జబ్బు ముదిరిందని పొరబడి మళ్లీ మొదలుపెట్టేవారు ఎందరో. ఈ విషయం అబ్బాయికి ముందే చెప్పి ఉంచండి, ఆ రెండు వారాలు దాటడానికి అది ఉపయోగపడుతుంది.

ఇప్పుడు ఏం చేయాలన్నదానికి వస్తే, ముందు పూర్తి స్థాయి పరీక్ష జరగాలి. గంజాయి వాడకం ఏడీహెచ్‌డీని పోలిన లక్షణాలు తెచ్చిపెడుతుంది కాబట్టి, ఇప్పటి ప్రవర్తన ఒక్కటి చూసి మందు నిర్ణయించకూడదు. అతని ఏడీహెచ్‌డీ ఎనిమిదేళ్లకే తేలింది, మత్తు తర్వాత వచ్చింది, అందువల్ల అతని విషయంలో ఈ చిక్కు తక్కువే. అయినా దిగులు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు, చదవడంలోనూ లెక్కల్లోనూ ప్రత్యేక లోపాలు ఉన్నాయేమో చూడటం తప్పనిసరి. కుటుంబంలో ఎవరికైనా స్కిజోఫ్రీనియా లేదా బైపోలార్ రుగ్మత ఉంటే దాచకుండా చెప్పండి; అలాంటి కుటుంబాల పిల్లలకు గంజాయి మరీ ప్రమాదకరం, మందు ఎంపిక కూడా మారవచ్చు.

వ్యసనం పూర్తిగా మానితేనే ఏడీహెచ్‌డీకి వైద్యం చేస్తామనే పద్ధతి ఒకప్పుడు ఎక్కువగా ఉండేది. ఇప్పుడు ఈ రంగంలోని నిపుణులు రెండింటికీ ఒకేసారి చికిత్స చేయమంటున్నారు, నేనూ ఆ మాటకే కట్టుబడతాను. అయితే ఒక్క మందుతో గంజాయి మానేస్తాడని ఆశించవద్దు. ఏడీహెచ్‌డీ, మత్తు అలవాటు రెండూ ఉన్న 303 మంది కౌమార వయసువారి మీద అమెరికాలో జరిగిన, 2011లో ప్రకటించిన పరీక్షలో, అందరికీ ఆలోచనా తీరును, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఇస్తూ, సగం మందికి దీర్ఘప్రభావ మిథైల్‌ఫెనిడేట్, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. రెండు గుంపులూ మెరుగుపడ్డాయి. ప్రధాన కొలతల్లో మందు అదనంగా చేసింది పెద్దగా లేదు, కాని మత్తు వాడకాన్ని అది పెంచనూ లేదు. పెద్దవారి విషయం వేరుగా ఉంది. స్వీడన్‌లో జైలునుంచి విడుదలవుతున్న, యాంఫెటమిన్‌కు బానిసలైన పురుషులకు రోజుకు 180 మిల్లీగ్రాముల వరకు మిథైల్‌ఫెనిడేట్ ఇచ్చి థెరపీ కూడా జతచేస్తే, ఏడీహెచ్‌డీ లక్షణాలూ తగ్గాయి, మత్తు లేని మూత్ర పరీక్షలూ పెరిగాయి. ఆ మోతాదు నిపుణుల కనుసన్నల్లో, ప్రత్యేక పరిస్థితుల్లో ఇచ్చింది, పిల్లలకు దాన్ని కొలమానంగా తీసుకోకూడదు.

మీ అబ్బాయికి మందు రాసేటట్లయితే దీర్ఘప్రభావ రకాన్ని లేదా యాటమాక్సిటిన్ వంటి ఉత్తేజకం కాని మందును అడగండి. యాటమాక్సిటిన్ పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, కాని దాన్ని దుర్వినియోగం చేయడానికి ఎవరూ ఆసక్తి చూపరు. ఉత్తేజక మందుల విషయంలో ప్రవర్తనా రుగ్మత, మత్తు అలవాటు ఉన్న పిల్లల దగ్గరే అమ్మకాలు, పంచుకోవడాలు, నూరి పీల్చడాలు ఎక్కువగా జరుగుతాయి. కాబట్టి మాత్రల డబ్బా మీ తాళంలో ఉండాలి, రోజూ ఉదయం మీరే లెక్కపెట్టి ఇవ్వాలి, ఎదురుగా మింగేలా చూడాలి. ఇది అతని మీద అనుమానంతో చేస్తున్నది కాదని, ఆ మందును బడికి తీసుకురమ్మని స్నేహితులు ఒత్తిడి చేసినప్పుడు "మా ఇంట్లో నా చేతికివ్వరు" అని చెప్పుకునే వీలు కల్పిస్తున్నామని అతనికే వివరించండి. చాలామంది పిల్లలు ఆ సాకును నిజంగానే వాడుకుంటారు.

మందు కన్నా ఎక్కువ శ్రమ కోరేది ప్రవర్తన వైపు. కాండక్ట్ డిజార్డర్‌కు పిల్లవాడిని ఒక్కడినే గదిలో కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సెలింగ్ చాలదు. కుటుంబాన్ని, బడిని, స్నేహితుల వలయాన్ని కలిపి పట్టుకునే మల్టీసిస్టమిక్ థెరపీ, ఫంక్షనల్ ఫ్యామిలీ థెరపీ వంటివాటికి మంచి ఆధారాలు ఉన్నాయి. అవి అందుబాటులో లేకపోతే, అదే సూత్రాన్ని పాటించే చికిత్సకుడిని వెతకండి: తల్లిదండ్రులను చికిత్సలో భాగస్వాములుగా చేసుకునేవారు, బడికి ఫోన్ చేసి మాట్లాడేవారు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు పిల్లవాడు ఎక్కడుంటాడని అడిగేవారు. ఇంట్లో నియమాలు నాలుగైదుకు మించకుండా, స్పష్టంగా ఉండాలి. తప్పుకు పర్యవసానం చిన్నదిగా, ఆ రోజే, తప్పకుండా ఉండాలి. భార్యాభర్తలిద్దరూ ఒకే మాట మీద ఉండాలి. అతను సరిగ్గా చేసిన పనిని చూసినప్పుడు, అది ఎంత చిన్నదైనా, అప్పటికప్పుడే చెప్పాలి. నెలల తరబడి మందలింపులు మాత్రమే విన్న పిల్లవాడికి ఆ మాట మొదట నమ్మశక్యంగా ఉండదు, అయినా మానవద్దు.

చేయకూడనివి కూడా ఉన్నాయి. భయపెట్టి బాగుచేస్తామనే శిబిరాలకు, జైలు చూపించి బెదరగొట్టే కార్యక్రమాలకు పంపవద్దు. అమెరికాలో 1970లనుంచి నడిచిన అలాంటి కార్యక్రమాల్లో పాల్గొన్న పిల్లలు, పాల్గొననివారికన్నా ఎక్కువ నేరాలు చేశారని సమీక్షలు తేల్చాయి. దారితప్పిన పిల్లలందరినీ ఒకే గుంపుగా చేర్చి నడిపే గ్రూపు చికిత్సల్లోనూ, వారు ఒకరినుంచి ఒకరు కొత్త తప్పులు నేర్చుకునే ప్రమాదాన్ని థామస్ డిషియన్ బృందం 1999లో వివరించింది. పొరపాటున మంచి కోసమే అనుకుని చేసే పనుల్లో నాకు అత్యంత బాధ కలిగించేది ఇదే. పదిహేనేళ్ల పిల్లవాడిని ముదిరిన వ్యసనపరుల మధ్య నెలల తరబడి బంధించి ఉంచే కేంద్రాలను కూడా ఈ కోవలోనే చూడండి. మూత్ర పరీక్షలు చేయించాలనుకుంటే వైద్యుడితో మాట్లాడి, అబ్బాయికి చెప్పి చేయించండి. రోజూ తాగేవారిలో మానేసిన తర్వాత కూడా కొన్ని వారాలపాటు పరీక్ష పాజిటివ్ రావచ్చు, దాన్ని పట్టుకుని అబద్ధమాడుతున్నాడని నిర్ణయించడం అన్యాయం.

చివరిగా మీ చిన్నబ్బాయి. కవలల అధ్యయనాల ప్రకారం ఏడీహెచ్‌డీలో వారసత్వం వాటా 74 శాతం వరకు ఉంటుంది, కాబట్టి అన్నకు ఉన్నది తమ్ముడికీ ఉండటం ఆశ్చర్యం కాదు. ఇప్పుడే పరీక్ష చేయించండి. నిర్ధారణ అయితే, తల్లిదండ్రులకు ఇచ్చే ప్రవర్తనా శిక్షణను వెంటనే మొదలుపెట్టండి, అవసరమైతే మందునూ కాదనవద్దు. పైన చెప్పిన బలవంతపు చక్రం ఏడేళ్ల వయసులో ఇంకా గట్టిపడి ఉండదు, అందుకే ఆ శిక్షణ ఈ వయసులో బాగా పనిచేస్తుంది. బడిలో చదవడం, రాయడం వెనకబడకుండా అదనపు సాయం అడగండి. అన్న గదిలో దొరికేవి తమ్ముడి చేతికి అందకుండా చూడండి. పొగాకుతో సహా ఏ మత్తు అయినా మొదలుపెట్టడం ఎంత ఆలస్యమైతే అంతగా వ్యసనంగా మారే అవకాశం తగ్గుతుంది. మీరు వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు ఇద్దరు పిల్లల ప్రాథమిక పాఠశాల రిపోర్టులు, టీచర్లు రాసిన వ్యాఖ్యలు, పెద్దవాడికి అప్పట్లో ఏ మోతాదు ఇచ్చారు, ఎందుకు ఆపారు అన్న వివరాలు వెంట తీసుకువెళ్లండి.